తొమ్మిదో ప్రశ్న

తార్తు ఊళ్లో జూన్ నెల.
రాత్రి పదకొండైనా పొద్దు గుంకనని మొండికేస్తుంది.
కిటికీకి దుప్పటి కట్టుకున్నాను,
అయినా అంచుల్లోంచి పలచటి మజ్జిగలా వెలుగు కారుతుంది.
నిద్ర పట్టనివాడికి
దాక్కోడానికి గుప్పెడు చీకటైనా దొరకదు ఇక్కడ.

మానసిక వైద్య విభాగంలో నాకు మూడో వారం.
తొమ్మిది ప్రశ్నల కాగితం, అట్టకి బిగించిన పెన్ను,
ఇస్త్రీ మరిచిన తెల్లకోటు.
ఆకలెలా ఉంది, నిద్రెలా ఉంది,
పనుల మీద ఇష్టం పోయిందా...
ఎనిమిది దాకా గొంతు పట్టాల మీద నడుస్తుంది.
తొమ్మిదోది అడిగేటప్పుడు మాత్రం
కళ్లు కాగితం మీదికి దించకూడదని
డాక్టర్ కస్క్ నేర్పింది.
"మామూలుగా అడుగు. ఉప్పు సరిపోయిందా అన్నట్టు.
అడిగితే ఆ ఆలోచన పుట్టదు.
అడక్కపోతే ఒంటరిగా పెరుగుతుంది."

నోట్సులో రాసుకున్నాను. కింద గీత కూడా గీశాను.

పదకొండో మంచం హెయ్నో తాత.
నలభై ఏళ్లు బస్సు తోలిన చేతులు
ఇప్పటికీ దుప్పటి మీద స్టీరింగు తిప్పుతుంటాయి.
ఎనిమిదింటికీ తలూపాడు.
"చచ్చిపోతే బాగుండునని ఎప్పుడైనా అనిపించిందా?"
చూపు దించలేదు. గొంతు వణకలేదు.
కస్క్ వింటే మార్కులు వేసేది.

తాత నన్ను చూశాడు,
అద్దంలో వెనక సీటుని చూసినట్టు.
"అనిపించింది. నీకో?"

ఆ కాగితంలో దానికి గడి లేదు.

"లేదు" అన్నాను.
అమ్మకి ఫోన్లో బావున్నానని చెప్పే నోటితోనే.
ఫిబ్రవరి నుంచీ లోపల
నా పుస్తకాలు ఎవరికి వెళ్లాలో
పంచుకుంటూనే ఉన్నాను.

తాత కాసేపు ఊరుకున్నాడు,
ఎక్కుతాడో ఎక్కడో తెలియని మనిషి కోసం
తలుపు తీసి ఉంచినట్టు.
"ఆఖరి స్టాపులో నిద్రపోతున్నవాణ్ణి
తట్టి లేపాలి బాబూ.
చూసీ చూడనట్టు వదిలేస్తే
డిపోలో పెట్టి తాళం వేసేస్తారు."

బయట లైలాక్ పొద కింద మావాళ్లంతా
అయిదు రేకుల పువ్వు కోసం వెతుకుతున్నారు.
దొరికితే నమిలి మింగాలి, పరీక్ష గట్టెక్కుతుంది.
రేపటి డాక్టర్లు!
లీవికా జుట్టు నిండా ఊదారంగు రేకులు.
"నీకు దొరికిందా?"

కపాల నాడులు పన్నెండూ వరసగా చెప్పగలను.
"నాకు బాలేదు" అన్న రెండు ముక్కలు
నాలుక మీదికి రావు.
చెబితే ఎక్కడ రాస్తారో, ఎవరు చదువుతారో,
రేపు లైసెన్సు చేతికిస్తారో లేదో.

"తొమ్మిదోది నన్నడుగు" అన్నాను.
పరీక్షకి వల్లె వేస్తున్నాననుకుంది.
"ముందు ఎనిమిదో?"
"అక్కర్లేదు."

కొమ్మ వదిలేసింది.
అడిగింది. గొంతు వణికింది.
కస్క్ అయితే మార్కులు కోసేది.

"అవును" అన్నాను.

గొప్ప మాటలేం చెప్పలేదు లీవికా.
ఎందుకని కూడా అడగలేదు.
మెట్ల మీద కూర్చోబెట్టి
నల్లరొట్టెలో సగం తుంచి చేతిలో పెట్టింది.
"ముందెవరికి ఫోన్ చేద్దాం?" అంది.
చేద్దాం, అంది.
ఆ రాత్రి వాళ్ల గదిలో, నేల మీద పరుపు,
పక్కన తను రెప్ప వేయకుండా ఫార్మకాలజీ చదువుతూ.

పొద్దున అదే వరండా, బల్లకి అవతలి వైపు.
పేరు అన్న గడిలో నా పేరు.
నా రాత నాకే చిన్నపిల్లాడి రాతలా ఉంది.

పరీక్ష వాయిదా వేశారు.
మందులకి నోరెండిపోతోంది.
కొన్ని పొద్దుల్లో ఆ ఆలోచన
ఇంకా గుమ్మం దాకా వస్తుంది.
ఇప్పుడు దాని పేరు ముగ్గురికి తెలుసు.
గురువారం మళ్లీ రమ్మన్నారు.

పదకొండో మంచం ఖాళీగా కనిపిస్తే
నా గుండె జారింది.
ఇంటికి పంపారట, నిన్న మధ్యాహ్నం,
కొడుకొచ్చి తీసుకెళ్లాడట.

అబద్ధం చెప్పాను తాతా, అనాలి.
ఆయన తోలిన బస్సు ఏ రూటుదో
కనుక్కోవాలి.